రెండో బ్రేకు

జూన్ 2, ఆదివారం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

తీర్మానం: ఈ నెలంతా మా చెల్లికి ఒక్క సలహా కూడా ఇవ్వను.

ఇది చదివి ఎవరైనా నవ్వొచ్చు (మా ఆవిడ తప్ప ఎవరు చదువుతారు గనక). నవ్వుకోండి. సలహాలివ్వడమే నా ఉద్యోగం. డ్రైవింగ్ స్కూల్లో మాస్టర్ని. పొద్దున్నించి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు, క్లచ్చు... అద్దం చూడండి... అయ్యో, గోడ!" అంటూ బతికేవాణ్ని. నా సీటు ముందు కూడా ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారుపడితే తొక్కుతాను. కంగారుపడకపోయినా తొక్కుతాను. అలవాటు.

సంగతేమిటంటే, చెల్లికి డిప్రెషన్. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానబట్టే పని తనది. నెల్లాళ్లుగా పనికి పోవడం లేదు. అద్దె గదిలో ఒక్కతే పడి ఉంటే మా ఆవిడే వెళ్లి, బ్యాగు సర్ది, వెంటబెట్టుకొచ్చింది. మా ముందు గది తనకిచ్చాం. తింటుంది, పడుకుంటుంది, అడిగితే "బాగానే ఉన్నా అన్నయ్యా" అంటుంది. అంతే.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చెల్లి సరేనన్నాక నన్ను లోపలికి పిలిచింది.

"మందులు నేనిస్తాను. తనకి మనసులో మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. మీరు కాగలరా?"

"ఎంత మాట! రోజూ మాట్లాడతాను డాక్టరు గారూ."

"మీరు కాదండీ. తను మాట్లాడాలి. మీరు వినాలి. సలహాలొద్దు. ముఖ్యంగా 'నీకేం తక్కువ' అని మాత్రం అనకండి."

ఇంకో సంగతి కూడా చెప్పింది. బతకాలని లేదన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే మాట మార్చెయ్యకూడదట. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలట. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట. అడిగి, తనని ఒంటరిగా వదలకుండా, వెంటనే ఫోన్ చెయ్యాలట. తలూపి, ఆవిడ ఫోన్ నంబరు రెండు చోట్ల రాసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి తీర్మానం చెప్పాను. తను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. దవడలు పట్టుకుని ఏడ్చేవాళ్లని చూసి కూడా మొహం మార్చదు. నా మాట విని మాత్రం పడీ పడీ నవ్వింది.

"మీరా! మొన్న లిఫ్టులో ముక్కూ మొహం తెలీని ఆయనకి టై ఎలా కట్టుకోవాలో చెప్పారు."

చూద్దాం!

జూన్ 3, సోమవారం

అద్భుతం! రోజంతా ఒక్క సలహా కూడా ఇవ్వలేదు!

(చెల్లి రోజంతా పడుకునే ఉంది. నిద్రపోయేవాళ్లకి సలహా ఇవ్వకపోవడం కూడా లెక్కలోకొస్తుంది. నా డైరీ, నా లెక్క.)

డాక్టరమ్మ ఇచ్చిన చిన్న పుస్తకం మొదలుపెట్టాను. డిప్రెషనంటే ఎక్కువ రోజులు ఏడవడం అనుకున్నా ఇన్నాళ్లూ. నా మొహం! అందులో రకాలున్నాయట. కొందరికి ఏడుపే రాదట. నాకర్థమయ్యే భాషలో రాసుకున్నాను.

ఒకటి: పెద్దది. ఇంజన్ స్టార్టే కాదు. పెట్రోలుంది, బ్యాటరీ ఉంది, తాళం తిప్పితే కిర్రుమంటుంది, అంతే. రోజులూ వారాలూ అదే వరస.

రెండు: ఏళ్ల తరబడి ఉండేది. బండి నడుస్తుంది. కానీ హ్యాండ్ బ్రేకు సగం లాగి ఉంది. బయటివాళ్లకి కనపడదు. ఆఫీసుకెళ్తారు, నవ్వుతారు, ఇంటికొచ్చి కూలబడతారు.

మూడు: పురుడొచ్చాక తల్లికి వచ్చేది.

నాలుగు: కాలాన్ని బట్టి వచ్చేది. వెలుతురు తగ్గే రోజుల్లో దిగి, ఎండలొచ్చాక పోయేది.

ఐదు: బైపోలార్. కొన్నాళ్లు యాక్సిలరేటర్ మీద ఎక్కి కూర్చుంటారు, కొన్నాళ్లు బురదలో దిగబడతారు. దీని మందులు వేరు, సొంత వైద్యం చెయ్యకూడదు అని అడుగున గీత గీసి మరీ ఉంది.

ఆరు: బయటికి నవ్వుతూ కనపడేవాళ్లది. పుస్తకం దీన్ని వేరే రకం అనలేదు. నేనే అన్నాను.

రాసుకుని చూసుకుంటే ఏనుగెక్కినంత సంతోషమేసింది. ఇంత సులువుగా ఎవరు చెప్పారు? పుస్తకం వెయ్యాలి నేను!

మా చెల్లిది రెండోది. దాని మీద ఇప్పుడు ఒకటోది వచ్చి కూర్చుందట. డాక్టరమ్మ అన్నప్పుడు తలకెక్కలేదు, రాసుకుంటుంటే ఎక్కింది. మేమంతా "అదంతే, నెమ్మదస్తురాలు" అని మెచ్చుకునేవాళ్లం. అది నెమ్మది కాదట, హ్యాండ్ బ్రేకట.

జూన్ 5, బుధవారం

రకాలు తెలిశాక లోకమంతా కొత్తగా కనపడుతోంది. ఎవర్ని చూసినా ఏదో ఒక నంబరు.

మా ఓనరు: నాలుగు. (కాదేమో. ఉత్త కోపిష్టి.)

మా ఆవిడ: ఏదీ కాదు. నిక్షేపంలా ఉంది. నేనే తనకి రోగం.

నా దగ్గర నేర్చుకుంటున్న బ్యాంకాయన: కచ్చితంగా ఆరు! ప్రతి మాటకీ నవ్వుతాడు. గేరు పడకపోయినా నవ్వే, బండి ఆగిపోయినా నవ్వే. నాకు జాలేసింది. వెనక్కి నడుపుతున్నాడు. మెల్లగా, ప్రేమగా అడిగాను:

"సార్, మీరు లోపల ఏడుస్తున్నారా?"

ఆయన నా వైపు తిరిగాడు. బండి స్తంభం వైపు తిరిగింది. నేను బ్రేకు తొక్కేలోగా వెనక లైటు పగిలింది.

"నాకేమీ లేదు మాస్టారూ. కంగారొస్తే నవ్వొస్తుంది నాకు. మీరు పక్కనుంటే కంగారొస్తుంది."

ఇది పుస్తకంలో లేదు. ఓనరు ఒంటికాలి మీద లేచాడు.

అయినా తీర్మానానికి ఢోకా లేదు. బ్యాంకాయన మా చెల్లి కాదుగా.

జూన్ 6, గురువారం

చిన్న విషయం. రాయక్కర్లేదు కూడా. నిజాయితీ కొద్దీ రాస్తున్నా.

పొద్దున టీ తాగుతూ చెల్లితో "పొద్దుటి ఎండలో కాసేపు నడిస్తే మనసుకి మంచిదట" అన్నాను. ఇది సలహా కాదు. సమాచారం. రేడియోలో వాతావరణం చెప్పినట్టు.

మధ్యాహ్నం ఫోన్ చేసి "కిటికీ తెరిచి ఉందా?" అన్నాను. ఇది సలహా కాదు. ప్రశ్న.

సాయంత్రం తన గుమ్మం ముందు నడకకి పనికొచ్చే బూట్లు పెట్టాను. నోరు తెరవనే లేదు!

మా ఆవిడ ఆ బూట్లు తీసి అల్మరాలో పెట్టి, నా వైపు ఒక చూపు చూసింది. పంటి రోగులు ఆ చూపుకే నోరు తెరుస్తారనుకుంటా.

జూన్ 8, శనివారం

ఇవాళ చెల్లి మాట్లాడింది!

వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం ముగ్గురం. ఎవరూ ఏమీ అడగలేదు. తనే మొదలెట్టింది.

"దుకాణంలో ఒక ముసలాయన అద్దాలు తారుమారు చేశానన్నయ్యా. కుడిది ఎడమకి. ఆయన పెట్టుకుని మెట్లు దిగబోయి తూలాడు. దెబ్బేం తగల్లేదు. పర్లేదమ్మా అన్నాడు కూడా. ఆ రోజు నుంచి చెయ్యి ఆడట్లేదు. మెషీను ముందు నిలబడితే..."

నేను నోరు మూసుకునే ఉన్నాను. ప్రమాణపూర్తిగా! "ఒక్కసారి తప్పు జరిగితే ఏమవుతుంది, నా దగ్గర నేర్చుకునేవాళ్లు రోజూ గోడల్ని గుద్దుతారు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

చెల్లి ఆగిపోయింది. బల్ల కిందికి చూస్తోంది.

నేనూ చూశాను. నా కుడికాలు నేలని గట్టిగా తొక్కుతోంది. మడమ లేచి, వేళ్లు తెల్లబడి. తను ఒక్కో మాటా అంటుంటే ఒక్కో తొక్కుడు!

"ఏం లేదులే అన్నయ్యా" అని లేచి వెళ్లిపోయింది.

"నోరు కట్టేశారు సరే, కాలు ఎవరు కట్టాలి?" అంది మా ఆవిడ.

జూన్ 9, ఆదివారం

ఉపాయం! కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. కాళ్లు నేలకి తగలవు. ఇక తొక్కేదేముంది?

సాయంత్రం చెల్లి గదిలో అలాగే కూర్చున్నాను. తను గోడకేసి చూస్తూ పడుకుంది. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. చాలాసేపు గడిచింది. బాగానే ఉందనిపించింది.

తర్వాత లేవబోయాను. రెండు కాళ్లూ తిమ్మిరెక్కి, కుర్చీతో సహా మంచానికి తగిలి నేల మీద పడ్డాను. చెల్లి కెవ్వుమంది. మా ఆవిడ గరిటతో పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా, నువ్వేం చేస్తున్నావసలు?"

"వింటున్నా" అన్నాను నేల మీంచి.

అద్దం ముందు నిలబడి డాక్టరమ్మ చెప్పిన ఆ ప్రశ్న కూడా సాధన చేశాను. "చచ్చి" దగ్గరే ఆగిపోయాను. నా మొహాన్ని నేనే అడగలేకపోయాను. అవసరం పడదులే.

జూన్ 11, మంగళవారం

అంతా అయిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. చెల్లి మొన్నటి బట్టల్లోనే ఉంది. దువ్వుకోలేదు. పళ్లెంలో పొద్దుటి బ్రెడ్డు అలాగే ఉంది. పొద్దున బ్యాంకాయన కాలవ దాకా తీసుకుపోయి నా ప్రాణాలు తోడేశాడు. అదొక సాకు. అసలు సంగతి నాకు భయమేసింది. భయమేస్తే నాకు నోరాగదు.

"లేచి స్నానం చెయ్యి. అలా పడుకుంటే ఎవరికైనా దిగులొస్తుంది. జుట్టు కత్తిరించుకో. ఏదైనా నేర్చుకో. డ్రైవింగ్ నేర్చుకో, నేనున్నానుగా. నీ స్నేహితురాలికి ఫోన్ చెయ్యి. ఫోన్ చూడ్డం తగ్గించు. పెందలాడే పడుకో. ఎక్కువ పడుకోకు."

ఊపిరి కోసం ఆగాను. అక్కడ ఆగి ఉండాల్సింది.

"అసలు నీకేం తక్కువే?"

వద్దన్న ముక్క! వద్దని చెప్పిన ఒకే ఒక్క ముక్క!

చెల్లి ఏడవలేదు, కోప్పడలేదు. "ఏం తక్కువ లేదన్నయ్యా. నేనూ అదే అనుకుంటా రోజూ" అని తలుపు వేసుకుంది.

నెలంతా అన్నాను. నెల సగానికి కూడా రాలేదు.

జూన్ 12, బుధవారం

చెల్లి గదిలోంచి రావడం లేదు. మా ఆవిడ సెలవు పెట్టి తన దగ్గరే కూర్చుంది. చెల్లి వదినతో నాలుగు మాటలు మాట్లాడుతోందట. నేను గుమ్మంలోకి రాగానే ఆ నాలుగూ ఆగిపోతున్నాయి.

"సారీ" అన్నాను.

"పర్లేదు అన్నయ్యా. బాగానే ఉన్నా."

మళ్లీ మొదటికొచ్చింది. ఇదివరకు ఆ మాట వింటే హమ్మయ్య అనుకునేవాణ్ని. ఇప్పుడు అదే మాటకి భయమేస్తోంది.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. అది ఇంకా భయం. "మీ చెల్లికి మీరంటే ప్రాణమండీ. మిమ్మల్ని బాధపెట్టకూడదని దాస్తోంది. మీరేమో ప్రతి మాటకీ తనేదో గుద్దేస్తున్నట్టు చూస్తారు. ఇంకేం చెబుతుంది?" అంది.

డైరీ రాయడం కూడా దండగ. తీర్మానం రద్దు.

జూన్ 14, శుక్రవారం

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సిన రోజు. మా ఆవిడ పనికి వెళ్లక తప్పలేదు. స్కూలు బండిలోనే బయల్దేరాం. వెనక సీటు నిండా పార్కింగు నేర్పడానికి వాడే ప్లాస్టిక్ కోన్లు. చెల్లి ముందు తలుపు తీసి నా సీట్లో కూర్చుంది. నేను స్టీరింగు దగ్గర.

గోదాముల వెనక ఖాళీ రోడ్డు పట్టాను. మెల్లగా పోతున్నాం. ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాకు పడదుగా.

"డాక్టరమ్మ అడిగితే అన్నీ వివరంగా చెప్పు. ముందు నిద్ర సంగతి..."

ధబ్! బండి ఎగిరి ఆగిపోయింది. క్లచ్చు తొక్కనేలేదు నేను, ఇంజన్ కూడా ఆగింది. ఇన్నేళ్ల మాస్టర్ని!

"సారీ అన్నయ్యా. కాలు తగిలింది."

"పర్లేదు. అదీ బ్రేకే. కాళ్లు కాస్త వెనక్కి పెట్టుకుని, నిటారుగా..."

ధబ్! ఈసారి కాలు తగల్లేదు. చెల్లి ఎదురుగా రోడ్డునే చూస్తోంది. పెదవి చివర మాత్రం కొంచెం వంకర తిరిగింది.

"కావాలనే తొక్కావు కదూ?"

బండి స్టార్ట్ చేశాను. కాస్త దూరం పోయాం.

"అసలు ఆ మాత్ర భోజనానికి ముందు కాకుండా..."

ధబ్!

నవ్వింది. మా చెల్లి నవ్వింది! పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వు రోజంతా ఇలాగే తొక్కుతావా అన్నయ్యా? పాపం వాళ్లు!" నేనూ నవ్వాను. నవ్వుతూ చూస్తే తన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆగట్లేదు. బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను.

రోడ్డుకేసి చూస్తూ చెప్పడం మొదలెట్టింది.

"పొద్దున కళ్లు తెరవగానే, అబ్బా, ఇంకో రోజా అనిపిస్తుంది. చదువుకునేప్పటి నుంచీ ఉంది. అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నా. అందరూ ఇంత బరువూ మోస్తూనే నవ్వుతున్నారు, నాకే చేతకావట్లేదు అనుకున్నా. ఈ మధ్య మెషీను ముందు నిలబడే ఓపిక కూడా పోయింది."

నేను ఊ కొట్టాను.

"ఊరికే పడుకుని లెక్కలు వేస్తుంటా. నేను లేకపోతే మీ గది మీకుంటుంది. వదినకి సెలవులు పెట్టే పనుండదు. నువ్వు బాసింపట్టు వేసుకుని కిందపడక్కర్లేదు..."

నా కాలు బ్రేకు మీద ఉంది. ఆగి ఉన్న బండి బ్రేకుని అడుగంటా తొక్కేశాను. అలా అనకూడదు, ఎంతమంది కష్టాల్లో లేరు, నువ్వు లేకపోతే మేమేమవుతాం, అన్నీ ఒక్కసారే గొంతులోకొచ్చాయి. తన కాలు కూడా బ్రేకు మీదే ఉంది. నా నోట్లోంచి ఏదొస్తుందా అని ఎదురుచూస్తోంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

తను మెల్లగా కాలు బ్రేకు మీంచి తీసింది.

"అప్పుడప్పుడు. ఇవాళ లేదు. మంగళవారం చాలా ఉంది."

మంగళవారం. తన చెయ్యి పట్టుకున్నాను, ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం. ఒక లారీవాడు పక్కనుంచి పోతూ, బండి మీది డ్రైవింగ్ స్కూలు బోర్డు చూసి, మా మొహాలు చూసి, జాలిగా హారన్ కొట్టాడు.

"డాక్టరమ్మకి చెబుదామా? నేను పక్కనే ఉంటా" అన్నాను.

"ఊ. నువ్వు మొదలుపెట్టు. నాకు నోరు రాదు."

అక్కణ్నించే ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మంది. చెల్లితో ఒక్కదానితోనే చాలాసేపు మాట్లాడింది. మందు మార్చింది. కొన్నాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉంచొద్దంది, మాత్రలు మా ఆవిడ చేతిలో ఉండాలంది, ఏ వేళనైనా ఫోన్ చెయ్యమంది. సోమవారం మళ్లీ రమ్మంది. వారానికోసారి మాట్లాడించే నిపుణురాలి దగ్గరికి కూడా పంపుతోంది.

వచ్చేముందు నా ఆరు రకాల కాగితం చూపించాను. చదివి కళ్లజోడు తీసింది.

"హ్యాండ్ బ్రేకు బాగుంది. ఆరోది కొట్టెయ్యండి. మనుషుల మీద నంబర్లు వెయ్యడం మానెయ్యండి."

ఇవి సలహాలు. తీసుకున్నాను.

జూన్ 16, ఆదివారం

కొత్త పేజీ. పాత పెన్ను. పాత నేనే.

నిన్నటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. సాయంత్రం ఇంటి ముందు ఆగి ఉన్న బండిలో కూర్చుంటాం. చెల్లి నా సీట్లో, నేను స్టీరింగు దగ్గర. ఇంజన్ ఆపే ఉంటుంది. నేను సలహా మొదలెడితే తను బ్రేకు తొక్కుతుంది. ఆగిన బండిలో బ్రేకు తొక్కితే ఏమవుతుంది? ఏమీ కాదు. అయినా నేను ఆగుతాను.

మా ఆవిడ కూడా టీ తెచ్చి కోన్ల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. నిన్న "ఏమండీ, నాకూ ఇలాంటి బ్రేకొకటి వంటింట్లో పెట్టించండి" అంది.

చెల్లి బాగైపోలేదు. నిన్న మాట్లాడింది, ఇవాళ చాలావరకు ఊరికే కూర్చుంది. మందు పనిచెయ్యడానికి వారాలు పడుతుందట. మధ్యలో మళ్లీ దిగబడొచ్చట. దుకాణానికి ఎప్పుడు పోతుందో తెలీదు. నాకింకా భయమే. కాలు ఇంకా తొక్కుతూనే ఉంది, పడుకున్నాక కూడా తొక్కుతున్నానని మా ఆవిడ దుప్పటి వేరే చేసుకుంది.

తీర్మానం: ఇవాళ్టి నుంచి నెల రోజులు మా చెల్లికి ఒక్క సలహా కూడా ఇవ్వను.

(ఇవాళ ఇచ్చినవి: అద్దం సరిచేసుకోమన్నాను. టీ వేడిగా ఉంది, ఊదుకుని తాగమన్నాను. రెండూ సలహాలే. సమాచారం కాదు, ప్రశ్న కాదు. రేపటి నుంచి లెక్క.)

చీకటి పడబోతుంటే దిగడానికి తలుపు మీద చెయ్యి వేసి, చెల్లి ఆగింది.

"అన్నయ్యా, రేపు కూడా కూర్చుందామా?"

రేపు! తన నోటెంట రేపు!

"తప్పకుండా! అయితే సాయంత్రం కంటే పొద్దున్నే అయితే గాలి కూడా..."

బ్రేకు పడింది.

"సరే" అన్నాను.